అవ్వగుండు ముడతలు

ఆదోనిలో పెళ్ళికూతుళ్ళంతా అందగత్తెలే, ఫోటోల్లో అయినా. హుసేనప్ప స్టూడియోలో కుర్చీ మీద కూర్చుని, మెడ కాస్త పక్కకు తిప్పి వచ్చినవాళ్ళెవరికీ మశూచి మచ్చలు ఉండవు, కళ్ళ కింద నలుపు ఉండదు. జిన్నింగు మిల్లులో పగలంతా దూది దుమ్ము మింగే గుమాస్తా కూడా, ఫోటో చేతికి వచ్చేసరికి నీడ పట్టున పెరిగిన జమీందారు బిడ్డలా ఉంటాడు. హుసేనప్ప చేతిలో ఏదో మహత్తు ఉందని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన గడ్డం నిమురుకుని, నవ్వి ఊరుకునేవాడు.

నిజానికి ఆ మహత్తున్న చెయ్యి ఆయనది కాదు. తెర వెనక గదిలో, కిటికీ పక్కన, అద్దం బిగించిన వాలుబల్ల ముందు కూర్చునే ఆయన కూతురు దస్తగిరమ్మది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆమె నెగటివ్‌ల మీద ముఖాలు దిద్దేది. నెగటివ్‌లో లోకమంతా తలకిందులు కదా, నల్లటి జుట్టు తెల్లగా, తెల్లటి పళ్ళు నల్లగా కనిపిస్తాయి. ముడత ఉన్నచోట వెలుతురు దూరే సన్నటి గీత ఉంటుంది. ఆ గీతను పెన్సిల్‌తో చుక్కచుక్కగా నింపేస్తే కాగితం మీద ముడత ఉండదు. ఈ సంగతి గడప దాటకూడదన్నది ఆ పనిలో మొదటి కట్టుబాటు. తన ముఖం నిజంగానే అంత బాగుంటుందని నమ్మిన మనిషే మళ్ళీ ఫోటోకు వస్తాడు.

దస్తగిరమ్మకు ఇరవై ఆరేళ్ళు. గుంతకల్లులో మొగుడింట ఏడాది కాపురం చేసి, ఒకరోజు ట్రంకుపెట్టెతో ఆదోని స్టేషన్‌లో దిగింది. ఎందుకు వచ్చావని అడిగినవాళ్ళకు అక్కడ నచ్చలేదని చెప్పింది. ఎంత గుచ్చి అడిగినా అంతకు మించి ఒక్క మాట రాలలేదు. తల్లి లేని పిల్ల, తాత దూది ఏకిన ఇంట్లో పుట్టినా మాట మాత్రం దూదంత మెత్తగా ఉండేది కాదు. హుసేనప్ప రెండుసార్లు అడిగి చూసి, ఇక అడగడం మాని, చేతికి పెన్సిల్ ఇచ్చాడు. అప్పటినుంచి ఆయన బయట, ఆమె లోపల.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఉగాది వెళ్ళిన కొత్తలో గోవిందన్న స్టూడియోకు వచ్చాడు. ఆయనది పత్తి వ్యాపారం. స్టూడియో ఉన్న కొట్టు కూడా ఆయనదే. మనిషి మరీ దుర్మార్గుడేమీ కాదు, పండుగలకు తన కొట్లలో అద్దెకున్నవాళ్ళందరికీ బొరుగులూ బెల్లమూ పంపేవాడు. కాకపోతే తాను నడిచే దారిలో ఏదైనా అడ్డం ఉంటే, అది ఎవరిదో కనుక్కునే ఓపిక ఆయనకు ఉండేది కాదు. పత్తి రెండేళ్ళుగా కలిసిరాలేదు. దాంతో ఆయన చూపు రాళ్ళ మీద పడింది. కంకర మిషను పెట్టాలనుకున్నాడు.

ఎమ్మిగనూరు రోడ్డులో, ఊరు దాటి కొంత దూరం పోతే ఎడమచేతి వైపు ఒక గుట్ట వస్తుంది. చెట్టూ చేమా పెద్దగా లేదు, అంతా రాతిగుండ్లే. ఇంతింత ఏనుగుల్లాంటి గుండ్లు ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో అప్పుడో పడిపోయేట్టు కూర్చుని ఉంటాయి. ఎవరి తాత కాలంలోనూ ఒక్కటీ పడింది లేదు. గుట్ట మొదట్లోనే, చాపలా పరుచుకున్న పరుపుబండ అంచున, రోడ్డు వైపు చూస్తూ ఇల్లంత గుండు ఒకటి ఉంది. దాని పేరు అవ్వగుండు. కొంగు కప్పుకున్న ముసలావిడ ముఖంలా ఉంటుంది, నుదుటి నుంచి గడ్డం దాకా నల్లటి ముడతలతో. కింద పల్లెవాళ్ళు దానికి కొబ్బరికాయలు కొట్టరు, బొట్లు పెట్టరు. పొద్దున గొర్రెలు తోలుకుపోయేటప్పుడు, పోయొస్తాం అవ్వా అని ఒక మాట చెప్పి పోతారు. చెప్పకుండా పోతే ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టు ఉంటుందట.

గుట్ట కింద ఇళ్ళున్నాయి కాబట్టి అక్కడ రాయి కొట్టడానికి సర్కారు పర్మిషన్ ఇవ్వలేదు. గోవిందన్న దానికి ఒక ఉపాయం పన్నాడు. అవ్వగుండు నిట్టనిలువునా పగిలిందని, గొర్రె కాలు పెట్టినా దొర్లి రోడ్డు మీద పడేట్టు ఉందని, అది ఉరుకుంద ఈరన్నస్వామి తిరునాళ్ళకు బస్సులు పోయే దారి అని, జనం ప్రాణాలు కాపాడాలంటే మందుపెట్టి పేల్చాల్సిందేనని అర్జీ రాసుకున్నాడు. ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు. ఒక్క గుండుకు దారి దొరికితే మిగతా గుట్టకూ దొరుకుతుందని ఆయన లెక్క. అర్జీకి ఫోటో జతచేయాలి. పగులు బాగా కనిపించేట్టు తీయమని హుసేనప్పకు చెప్పాడు.

కైరుప్పలలో ఉగాది మర్నాడు రెండు జట్లుగా పిడకలు విసురుకునే ఆటను ఫోటో తీయబోయి, జనం తోపులాటలో పడి హుసేనప్ప మోకాలు బెణికించుకుని ఉన్నాడు. గుట్ట ఎక్కలేక రోడ్డు పక్కనే చెక్క కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, ఒకటి తీసుకుని వచ్చాడు. ఆ నెగటివ్‌ను పెళ్ళివాళ్ళ నెగటివ్‌లతో కలిపి కూతురి బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పకుండా నమాజుకు వెళ్ళిపోయాడు. తప్పు జరిగింది అక్కడే.

దస్తగిరమ్మకు అది గుండు అని తెలుసు. బస్సు కిటికీలోంచి చూసింది కూడా. కానీ ఆరేళ్ళుగా ఆ చెయ్యి చేస్తున్నది ఒకటే పని. ముఖం కనిపించింది, ముఖం నిండా ముడతలు కనిపించాయి, చెయ్యి తన దారిన తాను పోయింది. నుదుటి మీది అడ్డగీతలు పోయాయి. చెంపల మీది గాట్లు నిండాయి. నుదుటి నుంచి గడ్డం దాకా దిగిన పెద్ద గీతకు మాత్రం మధ్యాహ్నమంతా పట్టింది. అయ్యాక నెగటివ్‌ను వెలుతురుకు పెట్టి చూసుకుని, ఇంత కష్టమైన ముఖం ఇదివరకు దిద్దలేదని మురిసిపోయింది కూడా.

మర్నాడు గోవిందన్న ఫోటోను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని హుసేనప్ప ముక్కు దగ్గర పెట్టి, "పగులు తీయమంటే పెండ్లికూతుర్ని తెచ్చినావు గదప్పా," అన్నాడు. హుసేనప్ప తడబడ్డాడు. ఎండ ఎక్కువైందనీ, రాయి మెరిసిందనీ ఏదేదో చెప్పాడు. గోవిందన్న తెలివితక్కువవాడు కాదు. ఆ మధ్య తీయించుకున్న తన ఫోటోలో ముక్కు మీది పులిపిరి ఏమైందో ఆయనకు అప్పుడు అర్థమైనట్టుంది. ఆయన చూపు తెర వైపు పోయింది. ఉన్నది తీసేసే చెయ్యి లేనిది పెట్టగలదు కదా అన్నాడు. పగులు మళ్ళీ పెట్టమన్నాడు, ఈసారి కొంచెం లావుగా పెట్టమన్నాడు. వారంలో అర్జీ విచారణకు కర్నూలు నుంచి ఆఫీసరు వస్తున్నాడని, అప్పటికి ఫోటో సిద్ధం కావాలని చెప్పి చెప్పులు తొడుక్కున్నాడు.

ఆయన మెట్లు దిగాక దస్తగిరమ్మ తెర పక్కకు జరిపి బయటికి వచ్చింది. తన చేతి అలవాటు వల్ల నిజమైన పగులు ఒకటి మాయమైందేమో, రేపు ఆ గుండు దొర్లి బస్సు మీద పడితే ఆ పాపం ఎవరిదని ఆమె గుండె పీకుతోంది.

"పగులు నిజంగా ఉండాదా నాయనా?" అంది.

"గీత కనపడతాంది గదమ్మా. ఉంటాదిలే."

"నువ్వు తాకి సూసినావా?"

హుసేనప్ప మోకాలు రుద్దుకుంటూ, రోడ్డు మీదినుంచి ఎట్లా తాకుతానన్నాడు. అయితే తాను చూసి వస్తానంది దస్తగిరమ్మ. పగులు ఉంటే తానే తిరిగి పెడతానని, లేకపోతే పెట్టనని చెప్పింది. ఆడపిల్ల ఒక్కతే గుట్టలెక్కడం ఏమిటని ఆయన గొణుగుతుండగానే, మేకుకు వేలాడుతున్న చిన్న కెమెరాను తీసి మెడలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. ఆరేళ్ళలో ఆమె కెమెరా పట్టుకుని వీధిలోకి రావడం అదే మొదలు.

పల్లెలో బసమ్మ అనే పెద్దావిడ దొరికింది. బసమ్మ పుట్టింది ఆ గుట్ట కిందే, గొర్రెలు మేపేది ఆ గుట్ట మీదే. దస్తగిరమ్మ తాను దిద్దిన ఫోటో చూపించి ఈ గుండు ఎక్కాలంది. బసమ్మ ఫోటోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, మొదట పకపకా నవ్వింది, తర్వాత ముఖం మాడ్చుకుంది. "మా అవ్వను పడుసుదాన్ని జేసినావే. ఎవరి కోసరం?" అని అడిగింది. దస్తగిరమ్మకు సిగ్గేసింది. ఫోటోను కొంగు మాటున దాచుకుని ఆమె వెనకే నడిచింది.

గుట్ట కింది నుంచి చూస్తే రాళ్ళకుప్పే. లోపలికి పోతే అది వేరే ఊరు. రెండు గుండ్ల మధ్య మనిషి పక్కకు తిరిగి పోవాల్సిన సందు ఉంది, బయట నిప్పులు కురుస్తుంటే ఆ సందులో చల్లగాలి. సందు దాటితే ఒక దొన, రాతి గిన్నెలో నిలిచిన నీళ్ళు, నీళ్ళ మీద ఆకాశం. ఇంకా పైకి పోతే, బస్సంత గుండు ఒకటి మూడు చిన్న రాళ్ళ మీద ఆని నిలబడి ఉంది, కింద మనిషి బోర్లా పడుకుని దూరవచ్చు. దస్తగిరమ్మ దూరింది కూడా. బసమ్మ వద్దని అరిచినా వినలేదు. బయటికి వచ్చేసరికి చీర మోకాళ్ళ దగ్గర చిరిగింది, మోచేతులు చెక్కుకుపోయాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళు చేతి వెడల్పు నెగటివ్‌లో లోకాన్ని చూసిన మనిషికి, ఒకేచోట ఇంత లోకం ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

అవ్వగుండు దగ్గరికి వెనక వైపు నుంచి దారి. గుండు చెంప మీద కాలి బొటనవేలు పట్టేంత గుంటలు ఉన్నాయి. అవి పట్టుకుని ఎక్కి, పెద్ద గీత ఉన్నచోటికి వచ్చి దస్తగిరమ్మ అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి గీతల మధ్యే బతికింది. నెగటివ్ మీద వెంట్రుక వాసి గాటు ఉన్నా గోరు చెప్పేస్తుంది. గోటితో గీత వెంబడి కిందికి లాగింది. ఎక్కడా గోరు దిగలేదు. రాయి నున్నగా ఉంది. అది పగులు కాదు, చార. వానాకాలం గుండు నెత్తి మీది నీళ్ళు ఆ దారినే దిగుతాయని, తాను చిన్నప్పుడు ఆ ధార కింద నోరు పెట్టి తాగేదాన్నని బసమ్మ చెప్పింది. ఎన్ని వానల నీళ్ళు కారితే రాయి అంత నల్లబడిందో మరి.

దస్తగిరమ్మకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. తొందరలో కెమెరా తీసి నాలుగు ఫోటోలు నొక్కేసి, అప్పుడు నాలుక కరుచుకుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఆ వెలుతురులో తీస్తే చారకూ పగులుకూ తేడా కనిపించదు. వెలుతురు పక్కనుంచి పడితేనే ముఖంలో ఎత్తుపల్లాలు తెలుస్తాయని నాయన కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకూ చెప్పే మాట. పగులైతే పక్క వెలుతురుకు లోపల నీడ పడుతుంది, చారైతే పడదు. ఆమె గుండు నీడలో కూర్చుని, బసమ్మ ఇచ్చిన రొట్టే ఎర్రకారమూ తిని, పొద్దు వాలేదాకా కాచుకుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా తాకగానే అవ్వ ముఖం లేచి కూర్చున్నట్టు అయింది. బసమ్మను చారకు అడ్డంగా అరచెయ్యి పరిచి నిలబడమని ఒకటి తీసింది. దగ్గరగా తీసింది, దూరంగా తీసింది, పరుపుబండ మీద గుండు ఎంత మేర ఆని కూర్చుందో బోర్లా పడుకుని తీసింది. మిగిలిన రీలు గుట్ట మీది తక్కిన గుండ్లకు ఖర్చుపెట్టింది. అవి ఎవరూ అడగలేదు. తనకు కావాలనిపించింది, తీసుకుంది.

రీలు కడిగి, ఫోటోలు వేసి, తడి ఆరకముందే తండ్రి ముందు పెట్టింది. ఒక్కదాని మీదా పెన్సిల్ పెట్టలేదు. హుసేనప్ప కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు. కూతురికి ఇంత చూపు ఉందని ఆయనకు తెలియదు. పొగడాలనే నోరు తెరిచాడు గానీ, బయటికి వచ్చింది భయం. కొట్టు గోవిందన్నది. ఇది పోతే బజారులో ఇంకో కొట్టు దొరకదు. పగులు ఉంటే ఏమి, లేకపోతే ఏమి, అడిగినవాడికి అడిగినట్టు ఇవ్వడమే మన పని అన్నాడు.

"ఇన్నాళ్ళూ ముఖాలు మార్సలేదా మనం? ఇదీ అంతే అనుకో."

"ముఖాలకు మందు పెట్టి పేల్సరు నాయనా," అంది దస్తగిరమ్మ. "నేను గీయను."

ఆ తర్వాత ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, అన్నం మానేశాడు. ఆమె గీయనంటే గీయనంది. గుంతకల్లు నుంచి వచ్చినప్పుడు ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంది. చివరికి ఆమె నీళ్ళకు పోయిన సమయం చూసి, హుసేనప్ప తానే వాలుబల్ల ముందు కూర్చున్నాడు. నెగటివ్ మీద సన్న కత్తితో గీకితే కాగితం మీద నల్లగీత వస్తుంది. అది కూతురు వచ్చాక ఆయన మానేసిన పని. కత్తి మాటిమాటికీ పక్కకు జారింది. దస్తగిరమ్మ బిందె దించి లోపలికి వచ్చేసరికి ఫోటో తీగ మీద ఆరుతోంది. అవ్వ నుదుటి నుంచి గడ్డం దాకా లావాటి నల్లటి పగులు వంకరటింకరగా దిగి ఉంది. ఆమె దాన్ని చూసింది, తండ్రిని చూసింది. కోపం కంటే దుఃఖమే ఎక్కువ వచ్చింది. ఆ రోజునుంచి అన్నం వడ్డించేది గానీ మాట కలపలేదు.

ఆఫీసరు వచ్చే రోజు గోవిందన్న హుసేనప్పను సాక్ష్యానికి తన జీపులో ఎక్కించుకుపోయాడు. దస్తగిరమ్మ తన ఫోటోలు ఒక గుడ్డలో చుట్టుకుని బస్సులో పోయింది. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఆ పగులు నాయన గీసినాడని ఒక్క మాట చెబితే అయిపోతుంది. కానీ ఆ మాటతో ముప్పై ఏళ్ళు ఊరు గౌరవించిన మనిషి నలుగురిలో దొంగ అవుతాడు. గుండును కాపాడాలి, నాయన పేరు మాత్రం తన నోట రాకూడదు. అట్లా అని తీర్మానించుకుని బస్సు దిగింది.

గుట్ట కింద పందిరి వేశారు. కుర్చీలు, సోడాలు, నాలుగు ఊళ్ళ జనం. ఓ పక్కన సమ్మెటలూ ఉలులూ పెట్టుకుని రాళ్ళు కొట్టేవాళ్ళు కూర్చున్నారు, ఊ అంటే రాతిలో మందు కూరే తూట్లు వేయడానికి సిద్ధంగా. ఆఫీసరు హుసేనప్ప ఇచ్చిన ఫోటో చేతిలో పట్టుకుని గుండు వైపు చూస్తున్నాడు. దగ్గరికి పోయి చూద్దామా అన్నాడు. గోవిందన్న గాభరాగా అడ్డం వచ్చి, ఎక్కితే దొర్లుతుందని, సారు ప్రాణానికి ఎవరు జవాబు చెబుతారని అన్నాడు. సారుకు కూడా ఆ మాట నచ్చినట్టే ఉంది. నెత్తి మీద ఎండ, కాళ్ళకు కొత్త బూట్లు.

అప్పుడు దస్తగిరమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, గుడ్డ విప్పి ఫోటోలు ఆయన ముందు పరిచింది. ఇది నీళ్ళ చార అని, పక్క వెలుతురుకు నీడ పడలేదు చూడమని, చెయ్యి ఎట్లా ఆనిందో చూడమని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. ఆఫీసరు ఆసక్తిగా చూశాడు. గోవిందన్న మాత్రం నవ్వాడు. ఆ ఫోటోలు ఏ గుట్టవో ఎవరికి తెలుసన్నాడు. ఆడమనిషి ఆ గుండెక్కి ఫోటో తీసిందంటే మీరు నమ్ముతారా సార్ అని అడిగాడు. జనంలో కొందరు నవ్వారు.

"నమ్మొద్దు సార్," అంది దస్తగిరమ్మ. "సూడండి."

చెంగు బిగించి దోపుకుని గుట్ట వెనక్కు నడిచింది. ఎవరో పట్టుకోబోతే బసమ్మ గొర్రెలు తోలే కట్టె అడ్డం పెట్టింది. కాసేపటికి పరుపుబండ మీద కనిపించింది, ఆ తర్వాత గుండు చెంప మీద, గుంట గుంటకూ కాలివేళ్ళు పెట్టుకుంటూ. హుసేనప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె అవ్వ నెత్తి మీదికి ఎక్కి, నిటారుగా నిలబడి, తప్పైపోయింది అవ్వా అని మనసులో అనుకుని, రెండు కాళ్ళతో దబదబా తొక్కింది. గుండు ఉలకలేదు, పలకలేదు. రాళ్ళు కొట్టేవాళ్ళలో ఒకడు గట్టిగా ఈల వేశాడు.

గోవిందన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా తేరుకున్నాడు. ఈరోజు దొర్లకపోవచ్చు, రేపు దొర్లుతుంది, పగులైతే ఉంది కదా, ఫోటోలో అంత స్పష్టంగా కనిపిస్తోంది కదా అన్నాడు. ఆఫీసరు రెండు ఫోటోలూ పక్కపక్కన పట్టుకుని హుసేనప్ప వైపు తిరిగాడు. ఇది మీరు తీసిందే కదా, ఈ పగులు మరి ఎక్కడిది అని అడిగాడు.

పైన దస్తగిరమ్మ గుండు అంచుకు వచ్చి కిందికి వంగి చూసింది. తండ్రి తల వంచుకుని ఉన్నాడు. పై నుంచి ఆయన నెత్తి మీది టోపీ మాత్రమే కనిపిస్తోంది. ఆమెకు ఆయన మీద జాలి వేసింది, ఆయన చేత ఆ మాట చెప్పించమని ఒక పక్కా, చెప్పించవద్దని ఒక పక్కా దేవుణ్ణి వేడుకుంది. తాను మాత్రం పెదవి విప్పలేదు.

హుసేనప్ప తల ఎత్తాడు. ఆఫీసరును కాదు, గుండు మీది కూతుర్ని చూస్తూ మాట్లాడాడు.

"ఆ పగులు రాతి మీద లేదు సార్. నేను కత్తితో గీసినాను. సూడండి, ఎంత వంకరగా ఉండాదో. నా బిడ్డ గీసింటే మీరే గాదు, ఎవరూ కనుక్కోలేకపోయేవాళ్ళు. అది గీయనన్నాది. ఆదోనిలో మీరు సూసే ముఖాలన్నీ అది దిద్దినవే సార్. నా చేతిలో ఏమీ లేదు."

ముప్పై ఏళ్ళ గుట్టు ఎండలో అందరి ముందు పడింది. జనంలో గుసగుసలు లేచాయి. ఒకరిద్దరు తమ చెంపలు తడుముకున్నారు కూడా. ఆఫీసరు గీత ఉన్న ఫోటోను మడిచి జేబులో పెట్టుకుని, గుండుకు పగులు లేదని రాసుకోమని తన గుమాస్తాకు చెప్పాడు. మందు పెట్టడానికి వీల్లేదన్నాడు.

గోవిందన్నకు ఇక పట్టపగ్గాలు లేవు. హుసేనప్ప మీదికి వచ్చి, రేపు పొద్దుటికి కొట్టు ఖాళీ కావాలన్నాడు, రేపటిదాకా ఎందుకు, తాళంచెవి ఇప్పుడే ఇక్కడే ఇచ్చిపొమ్మని చెయ్యి చాపాడు. హుసేనప్ప జుబ్బా జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. చాపిన ఆ చేతిని చూశాడు, చేతిలోని తాళంచెవిని చూశాడు. ఏమనుకున్నాడో, దాన్ని పిడికిట్లో బిగించి, గుట్ట వెనక్కు కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టాడు.

బసమ్మ ముందు నడిచి దారి చూపింది. సందులో పక్కకు తిరిగి దూరాడు. పరుపుబండ మీద కూలబడి ఊపిరి తీసుకుని మళ్ళీ లేచాడు. గుండు చెంప దగ్గర ఆయన మోకాలు ససేమిరా అంటే, దస్తగిరమ్మ బోర్లా పడుకుని చెయ్యి కిందికి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని, బూతులో దువాలో ఏవో గొణుక్కుంటూ ఎక్కాడు. తండ్రీకూతుళ్ళు అవ్వ నెత్తి మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆమె ఆయన వీపు నిమిరింది. ఆయన పిడికిలి విప్పి తాళంచెవిని పైకెత్తి చూపించాడు.

"గోవిందన్నా, నీ కొట్టు తాళం ఈడుండాది," అని కిందికి పిలిచాడు. "పైకొచ్చి తీసుకోపో."

జనమంతా గోవిందన్న వైపు తిరిగారు. గొర్రె కాలు పెట్టినా దొర్లుతుందని అర్జీలో రాసి సంతకం పెట్టింది ఆయనే. ఆ అర్జీ ఇంకా ఆఫీసరు ఒళ్ళోనే ఉంది, ఇప్పుడు గుండెక్కితే అందులో రాసింది అబద్ధమని తానే ఒప్పుకున్నట్టు. గోవిందన్న గుండు దాకా పోయాడు, పరుపుబండ మీద ఒక కాలు పెట్టాడు, వెనక్కి తిరిగి ఆఫీసరును చూశాడు, ఆ కాలు తీసేశాడు. పైన తండ్రీకూతుళ్ళు తాళంచెవి ఇద్దరి మధ్యా పెట్టుకుని, ఆయన కోసం చీకటి పడేదాకా కూర్చున్నారు.